ఉల్లిపాయ గెల్చుకున్న మా పక్కింటి ఆంటీ

ఆంటీ పోయారు.

పోయిన గురువారం పొద్దున మా పాపని స్కూల్ బస్ ఎక్కించి వచ్చి కాఫీ కలుపుకుంటున్నాను. వంటింటి పక్క తలుపు అద్దంలోంచి అంకుల్ కనిపించారు. తలుపు తట్టలేదు, ఊరికే నిలబడ్డారు. తీయగానే "షి ఈజ్ గాన్, డియర్. తెల్లవారుజామున, నిద్రలోనే" అన్నారు. ఆయన్ని కూర్చోబెట్టి కాఫీ చేతిలో పెట్టాను. రెండు గుక్కలు తాగి, వాళ్ళబ్బాయికి ఫోన్ చెయ్యాలంటూ లేచి వెళ్ళిపోయారు. ఆ తర్వాత నేనేం చేశానో తెలుసా? చెప్పులు వేసుకుని, ఇంత పెద్ద వార్త ఆంటీకి చెప్పాలి కదా అని గబగబా బయల్దేరాను! డ్రైవ్‌వే సగం దాకా వెళ్ళాక గుర్తొచ్చింది, చెప్పాల్సిన మనిషే లేదని. అక్కడే గడ్డిలో కూలబడి ఏడ్చాను.

పదేళ్ళ అలవాటు మరి. పాపకి పన్ను ఊడినా, మా ఆయనకి ప్రమోషన్ వచ్చినా, ఇండియన్ స్టోర్‌లోకి తాజా కరివేపాకు వచ్చినా ముందు ఆవిడకే చెప్పాలి. కరివేపాకు వస్తే ఆవిడకేమిటట? అయినా "నిజమా! ఎప్పుడొచ్చింది?" అనేవారు, సొంత తమ్ముడు ఊరినుంచి దిగినంత సంబరంగా. లోకంలో జరిగే ప్రతి చిన్న విషయానికీ అంత సంబరపడే మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

ఆవిడ గురించి రాస్తానంటే మా ఆయన, "కాస్త నెమ్మదిగా, గంభీరంగా రాయి. పోయినవాళ్ళ గురించి కదా" అన్నారు. నావల్ల కాదండీ. ఆంటీని తలుచుకుంటే నాకు మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. మీరే సర్దుకుని చదువుకోండి.

నేను అమెరికాలోని ఈ ట్రాయ్‌లో దిగింది డెబ్బై ఎనిమిది వసంతంలో. చంకలో ఏడాది పిల్ల, మనసులో ఉప్పెన. మాది కృష్ణా జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. అంతకు ముందు నవంబరులో సముద్రం ఊళ్ళ మీదకి వచ్చిన సంగతి మీకు తెలుసు. మేం పెదనాన్నగారి మేడ మీద గదిలో తలుపుకి భుజాలు ఆనించి నిలబడ్డాం. కిందున్న పెద్దమ్మ దేవుడి గదిలో దీపం చూసొస్తానని వెళ్ళి మరి మెట్లెక్కలేదు. అంతకంటే ఆ సంగతి నేనెవరికీ చెప్పేదాన్ని కాదు. గాలి వీస్తే మాత్రం నా కాళ్ళూ చేతులూ కొయ్యబారిపోయేవి. పాప ఏడుస్తున్నా ఎత్తుకోలేకపోయేదాన్ని. మా ఆయన పొద్దున కార్ల కంపెనీకి వెళ్తే మళ్ళీ సాయంత్రమే. మిషిగన్‌లో గాలికి కొదవేముంది? "నేనిక్కడ ఉండలేను, మమ్మల్ని పంపించెయ్యండి" అని రోజూ అడిగేదాన్ని. ఆయన పాపం టికెట్ల రేట్లు కూడా కనుక్కుని వచ్చారు.

అలాంటి రోజుల్లో ఒక శనివారం మధ్యాహ్నం సైరన్ మోగింది. నేను అంతకుముందెప్పుడూ వినలేదు. ఆకాశం నిర్మలంగా ఉంది, ఎండ కాస్తోంది, ఎక్కడో భూమిలోంచి లేచినట్టు ఆ ఊళ. మా ఆయన సరుకులకి వెళ్ళారు. పిల్లని చంకనేసుకుని, పాస్‌పోర్టుల సంచీ మెడలో తగిలించుకుని, వట్టి కాళ్ళతో వీధిలోకి పరిగెత్తాను. పక్కింటి వాకిట్లో ఒక తెల్లావిడ పైపుతో పూలమొక్కలకి నీళ్ళు పెడుతోంది. పైపు మొక్కల మీద లేదు. నీళ్ళన్నీ ఆవిడ బూట్ల మీద పడుతున్నాయి. మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం.

"ఇట్స్ ఓన్లీ ఎ టెస్ట్, లవ్" అన్నారావిడ. "నెలలో మొదటి శనివారం మోగిస్తారు. సుడిగాలి వస్తే ఇలా మోగుతుందని తెలియడానికి. దేనికి పరిగెత్తుతున్నావు నువ్వు?"

నాకొచ్చిన ఇంగ్లీషులో "వాటర్" అన్నాను.

ఆవిడ పైపు కింద పడేసి, తడి చేతుల్తో నా పిల్లని అందుకున్నారు. "నాది ఫైర్" అన్నారు. "రా, టీ తాగుదాం."

అలా మొదలైంది. ఆవిడా అంకులూ ఇంగ్లండ్‌లోని కొవెంట్రీ వాళ్ళు. అది కూడా కార్ల ఊరేనట. అంకుల్ ఇక్కడి కంపెనీలో ఇంజనీరుగా వచ్చి అప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది. యుద్ధకాలంలో అక్కడి కార్ల ఫ్యాక్టరీలన్నీ విమానాల భాగాలు చేసేవిట. అందుకని జర్మనీవాళ్ళ బాంబర్లు ఆ ఊరిని పట్టుకుని వదల్లేదు. ఆంటీకి అప్పుడు పదేళ్ళు.

పేరు పెట్టి పిలవమన్నారు గానీ, అమ్మ వయసావిడని పేరుతో ఎలా పిలుస్తాను? ఆంటీ అన్నాను. "నాకు తోబుట్టువుల పిల్లలెవరూ లేరే!" అని కంగారుపడ్డారు. ఏడాది తిరిగేసరికి ఫోన్ తీసి "ఆంటీ హియర్" అనడం మొదలుపెట్టారు. ఆవిడేమో ప్రతివాళ్ళనీ 'లవ్' అనేవారు, వాళ్ళ ఊళ్ళో అలవాటట. మొదటిసారి మా ఆయన్ని "షుగరెంత, లవ్?" అని అడిగితే ఈయన చెవులు ఎర్రబడిపోయాయి. చెప్పకుండానే మూడు స్పూన్లు వేసుకుని తాగేశారు.

ఆంటీ చెప్పేలాంటి యుద్ధం కథలు నేను ఇంకెక్కడా వినలేదు. యుద్ధం అంటే పెద్దవాళ్ళు నిట్టూర్చి చెప్తారనుకుంటాం కదా? ఆవిడ కుర్చీలో కూర్చోలేకపోయేవారు! లేచి, చేతులు తిప్పి, మా వంటింట్లో అటూ ఇటూ నడిచి చెప్పేవారు. వాళ్ళ ఇంటి వెనక తోటలో గొయ్యి తవ్వి, షెడ్లకి వేసే రేకులు వంచి కప్పులా నిలబెట్టి, పైన మట్టి పోశారట. అదే షెల్టర్. ఆ మట్టి మీద వాళ్ళమ్మ క్యాబేజీలు వేసింది. "మా నెత్తి మీద క్యాబేజీలు, వాటి మీద బాంబులు" అని పకపకా నవ్వేవారు. సైరన్ కూయగానే ఒక్కొక్కరిదీ ఒక్కో పని. అన్నయ్య లాంతరు తేవాలి. అమ్మ దుప్పట్లు. చిన్న తమ్ముడు, అందరికంటే పిరికివాడు, తలుపు దగ్గర నిలబడి మనుషుల్ని లెక్కపెట్టి లోపలికి పంపాలి. ఆంటీ వంతు కోడిపెట్ట. గుడ్లు రేషన్ మీద వచ్చే రోజుల్లో కోడిని బయట వదులుతారా? దానికి వాళ్ళ హెడ్‌మిస్ట్రెస్ పేరు పెట్టారట. ఒకసారి పైన ఊరు దద్దరిల్లిపోతుంటే ఆ హెడ్‌మిస్ట్రెస్ తాపీగా ఆంటీ ఒళ్ళో గుడ్డు పెట్టింది. "ఊరంతా మండుతోంది, మేమేమో గుడ్డు, గుడ్డు అని అరుస్తున్నాం! పక్క షెల్టర్ వాళ్ళు మాకేదో అయిందనుకుని తలుపు బాదారు!"

ఇంక ఉల్లిపాయ సంగతి. ఇది ఆంటీ కథల్లో నాకు అన్నిటికంటే ఇష్టం. మొదటి వేసవిలో ఒకరోజు ఆవిడ వచ్చేసరికి నేను వంటింటి నేల మీద కూర్చుని పెద్ద సంచీడు ఉల్లిపాయలు ముందేసుకుని కోస్తున్నాను. ఆదివారం ఇంటికి జనం వస్తున్నారు. ఆంటీ గుమ్మంలో ఆగిపోయారు. "ఇవన్నీ నీవేనా?" అన్నారు, నగలు చూసినట్టు. యుద్ధంలో ఉల్లిపాయలు ఓడల్లో రావడం ఆగిపోయిందట. వాళ్ళ స్కూల్లో దేనికో చందాల కోసం లాటరీ పెడితే, బహుమతి ఒకే ఒక్క ఉల్లిపాయ. అది ఆంటీకి తగిలింది! ఇంటిదాకా టోపీలో దాచుకుని పరిగెత్తింది. వాళ్ళమ్మ దాన్ని చలిమంట గూడు పైన, ఫోటోల పక్కన పెట్టింది. వీధిలోవాళ్ళు వచ్చి చూసి పోయేవారు. చివరికి వండిన రోజున వాసన పోతుందని కిటికీలు తియ్యలేదట.

నేను సగం కోసిన ఉల్లిపాయ ఆవిడకిచ్చాను. వాసన చూసి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "ఇది ఉల్లిపాయ వల్లే సుమా" అన్నారు. ఆ తర్వాత మా ఇంట్లో ఉల్లిపాయలు కోసే పని ఆవిడదే అయిపోయింది. మీలో మా ఇంట్లో ఉల్లిపాయ పులుసు తిన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. పులుసు నాది, కోత ఆవిడది.

అన్నీ నవ్వుతూనే చెప్పేవారు గానీ, ఒక్క సంగతి కూర్చుని చెప్పారు. ఎదురింట్లో ఆవిడ ఈడు పిల్ల ఉండేది. ఇద్దరూ ఒకే క్లాసు. ఊరంతా తగలబడిన ఆ పెద్ద దాడి మర్నాడు పైకి వచ్చేసరికి ఎదురు వరసంతా ఇటికల గుట్ట. ఆంటీ ఇంట్లోకి పరిగెత్తి ఆ పిల్ల దగ్గర తెచ్చుకున్న తాడాట తాడు కోసం వెతికిందట, తిరిగి ఇచ్చెయ్యాలని. అప్పుడే నేల నిండా పరుచుకున్న కిటికీ అద్దాల మీద వట్టి కాళ్ళతో నడిచింది. స్టాకింగ్ విప్పి నాకు పాదం చూపించారు. అరికాలంతా తెల్లటి గీతలు. "నడుస్తున్నంతసేపూ నొప్పే తెలియలేదు, లవ్" అన్నారు.

అప్పుడు నేను పెద్దమ్మ గురించి చెప్పాను. దీపం, మెట్లు, నీళ్ళ చప్పుడు, అన్నీ. మా అమ్మకి కూడా అంత చెప్పలేదు. అంతా అయ్యాక ఆంటీ నా మోకాలి మీద ఒక చరుపు చరిచి, "పద, మీ బేస్‌మెంట్ చూద్దాం" అని లేచారు.

ఇక చూడండి హడావుడి! మా బేస్‌మెంట్‌లో అప్పటిదాకా అట్టపెట్టెలూ సాలీళ్ళూ తప్ప ఏమీ లేవు. వారం రోజుల్లో దాన్ని షెల్టర్ చేసేశారు. మెట్ల కింద మూల పాత పరుపు, దుప్పట్లు, మంచినీళ్ళ డబ్బాలు, బ్యాటరీ రేడియో, టార్చిలైటు. నేను జంతికల డబ్బా ఒకటి చేర్చాను. గాలి మొదలవగానే ఆవిడ వచ్చేసేవారు, ఎంత చిన్న గాలైనా సరే. "డ్రిల్!" అని అరిచేవారు. నేను పాపని, టార్చిని తీసుకుని దిగాలి. మొదట్లో నా కాళ్ళు కదిలేవి కావు. ఆవిడ నన్ను లాగేవారు కాదు, బతిమాలేవారు కాదు. "భయం వేసినవాళ్ళని ఊరుకోబెట్టకూడదు, లవ్. వాళ్ళకే ముందు పని అప్పజెప్పాలి" అని టార్చి నా చేతిలో పెట్టేవారు. "ఏడుపొస్తే కిందికి దిగాక ఏడుద్దాం. ఇద్దరం కలిసి" అనేవారు. నిజంగానే ఒకటి రెండుసార్లు కిందికి దిగి, పరుపు మీద కూర్చుని, జంతికలు తింటూ ఏడ్చాం. అది చూసి మా పాప చప్పట్లు కొట్టింది.

టికెట్ల మాట మేం మళ్ళీ ఎత్తలేదు. అయినా నాకు లోపల అనుమానం ఉండేది. ఆంటీ పక్కన ఉంటే సరే. నిజంగా వచ్చిన రోజున, పాప ప్రాణం నా చేతిలో ఉన్న రోజున, మళ్ళీ కొయ్యబారిపోతే?

ఆవిడకి మా ఇళ్ళలో నచ్చనిది ఒక్కటే, ముందు గుమ్మం దగ్గర మన చెప్పుల గుట్ట. "ఇంతమంది పాదాలు ఇంట్లో, బూట్లన్నీ అద్దం తలుపు పక్కనా! మా అమ్మ చూస్తే తలుపేసి తిట్టేది" అనేవారు. వాళ్ళమ్మ పిల్లల్ని బూట్లు మంచం కాళ్ళ దగ్గరే విప్పనిచ్చేదట, ఆ అద్దాల సంగతి తర్వాత. "ఇంట్లో దేవుడు ఉన్నాడు కదా ఆంటీ" అంటే, "దేవుడు అద్దం పెంకుల మీద నడవక్కర్లేదు" అని గొణుక్కుని, తన బూట్లు మాత్రం విప్పి చంకలో పెట్టుకుని తిరిగేవారు. పేరంటంలో కూడా! బొట్టు పెట్టించుకుంటూ చంకలో బూట్లు!

అసలు రోజు రానే వచ్చింది. పాప ఏడో పుట్టినరోజు, జులై, శనివారం. మొదటి శనివారం కాదు. ఇంటి నిండా మనవాళ్ళే, పిల్లలతో కలిపి నలభై మంది దాకా ఉంటారు. పులిహోర గిన్నె అప్పుడే బల్ల మీద పెట్టాం. బయట వెలుతురు ఒక్కసారిగా పచ్చగా, పాచిపట్టిన నీళ్ళ రంగులోకి మారింది. సైరన్ అందుకుంది.

మన మగవాళ్ళు సైరన్ వినగానే ఏం చేస్తారో మీకు వేరే చెప్పాలా? సుడిగాలి ఎటు నుంచి వస్తోందో చూడ్డానికి అందరూ డ్రైవ్‌వేలోకి వెళ్ళారు! ఒకాయన కొత్తగా కొన్న వీడియో కెమెరా భుజానికెత్తుకున్నాడు. "అదిగో, అటు, నార్త్‌వెస్ట్! రావోయ్, లైఫ్‌లో మళ్ళీ దొరకదు!" ఆడవాళ్ళేమో పిల్లల్ని తీసుకుని ఇళ్ళకి వెళ్ళిపోదామని గుమ్మం దగ్గర చెప్పుల గుట్ట మీద పడ్డారు. "నా ఎర్ర చెప్పు ఏది?" "అది మా వాడి బూటు, వదలండి!" "ఒకటే ఉంది, రెండోది మీ కాలి కింద చూడండి వదినా!" అందరూ వంగి వెతుకుతున్నారు, నిలువెత్తు అద్దం తలుపుకి ఎదురుగా. గాలికి ఆ అద్దం ఊపిరి పీలుస్తున్నట్టు లోపలికీ బయటికీ ఆడుతోంది.

నాకు కాళ్ళు పోయాయి. నిజం చెప్తున్నాను, మేడ మీద గదిలో నిలబడినట్టే ఉంది. పాప నా కొంగు పట్టుకుని లాగుతోంది. నేను ఆంటీ కోసం చూశాను. సోఫాలో పులిహోర ప్లేటు పట్టుకుని కూర్చున్నారు. లేవలేదు! నా వంక చూసి, ప్లేటు పక్కన పెట్టి, చేతులు కట్టుకుని, "వెల్, లవ్? నీ షెల్టర్ ఇది" అన్నారు.

ఆ క్షణాన నాకు ఆవిడ మీద ఎంత కోపం వచ్చిందో! ఆ కోపానికే గొంతు లేచింది. మా ఊరి బజార్లో గేదెని అదిలించే గొంతు. "ఎవరూ చెప్పులు ముట్టుకోవద్దు! లోపలికి! అందరూ బేస్‌మెంట్‌లోకి! కెమెరా లోపలికి తెస్తావా, పగలగొట్టమంటావా?" భోజనాలకి పిల్లల కింద పరచడానికి తీసిన దుప్పటి చేతికందింది. దాన్ని గుమ్మం దగ్గర పరిచి, చెప్పుల గుట్టనంతా కాలితో దాని మీదికి తోసి, నాలుగు కొసలూ పట్టి మూటకట్టి బేస్‌మెంట్ మెట్ల మీదికి దొర్లించాను. ధనధనా దొర్లుకుంటూ పోయింది. "మీ చెప్పులన్నీ కిందే ఉన్నాయి! వెళ్ళండి!" అంతే, చెప్పుల వెనకే జనం దిగారు. ఆ కెమెరా ఆయన కూడా.

మెట్ల దగ్గర నిలబడి లెక్కపెట్టాను. ఒక తల తక్కువ. మా స్నేహితురాలి మామగారు, గుడివాడ నుంచి కొడుకుని చూడ్డానికి వచ్చిన పెద్దాయన, లేరు. ఎవరో "బాత్రూమ్‌లో ఉన్నారు" అన్నారు. ఇంతలో కరెంటు పోయింది. పాపని ఆంటీ చేతికిచ్చి నేను మళ్ళీ పైకెక్కాను. ఇల్లంతా గాలి చప్పుడు. ఎక్కిన ప్రతి మెట్టూ నాకు గుర్తుంది. తలుపు బాదితే లోపలినుంచి ఆయన, "ఏమ్మా, ఇక్కడ కూడా కరెంటు పోతుందా?" అని అడిగారు. "పోతుంది బాబాయిగారూ, ముందు మీరు బయటికి రండి" అని, ఆయన పంచె సర్దుకునేదాకా కూడా ఆగకుండా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. మేం మెట్లు దిగుతుంటే వెనక ముందు గుమ్మం అద్దం భళ్ళుమంది.

కింద ఆంటీ అప్పటికే పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని అంత్యాక్షరి పెట్టించారు. తెలుగు పాట ఏ అక్షరంతో ఆగినా ఆవిడ దానికో ఇంగ్లీషు పాట అందుకుంటున్నారు, అక్షరం కలిసినా కలవకపోయినా. నన్ను చూసి కన్ను గీటారంతే. నాకెంత గర్వంగా ఉందో నేను చెప్పలేను. డిగ్రీ చేతికొచ్చిన రోజున కూడా నేనంత పొంగిపోలేదు.

సుడిగాలి ఎక్కడో దూరంగా వెళ్ళిపోయింది. మా కంచె, అద్దం తలుపు, అంకుల్ గారి షెడ్డు కప్పు, అంతే నష్టం. పైకి వెళ్ళి ఆ పెంకులు ఊడ్చేటప్పుడు ఒక్కరి కాలికీ గాయం కాలేదు, ఎందుకంటే అందరి కాళ్ళకీ ఏవో ఒక చెప్పులున్నాయి. ఎవరివి ఎవరికో దేవుడికే తెలుసు. పెద్దాయన పూసలు కుట్టిన ఆడవాళ్ళ చెప్పులతో కారెక్కారు.

ఇంక చివరి సంగతి చెప్పి ఆపేస్తాను.

పోయిన శీతాకాలంలో ఆంటీకి జబ్బని తెలిసింది. అరవై కూడా నిండలేదు. వసంతం వచ్చేసరికి మంచం మీదున్నారు. చక్రాల మంచం తెప్పించి మేడ మీద గదిలో వేశారు. రోజూ వెళ్ళేదాన్ని. మాటలు తగ్గాయి గానీ సంబరం తగ్గలేదు. మా కాలనీలో ఎవరి కుక్క ఈనిందో కూడా చెప్పాలి.

మూడు వారాల కింద ఒక మధ్యాహ్నం గాలి లేచింది. పాప స్కూల్లో ఉంది, వాళ్ళ షెల్టర్ వాళ్ళకుంది. అంకుల్ మందులకి వెళ్ళడం నేను కిటికీలోంచి చూశాను. సైరన్ మొదలైంది. నా కాళ్ళు బేస్‌మెంట్ వైపు తిరిగాయి. అంతలో గుర్తొచ్చింది, ఆవిడ దిగలేరు. మోసుకుని దింపడం నావల్ల కాదు. నేను పక్క తలుపు తీసుకుని గాలిలోకి పరిగెత్తాను. పదేళ్ళలో మొదటిసారి, గాలికి ఎదురుగా.

ఆంటీ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. నన్ను చూసి "కిందికి వెళ్ళు" అన్నారు.

"వెళ్ళను."

"పిల్లదానివి. ఇంట్లో పిల్ల ఉన్నదానివి. వెళ్ళు."

"వెళ్ళను ఆంటీ."

మంచం తోసి కిటికీకి దూరంగా లోపలి గోడకి చేర్చాను. దుప్పట్లు రెండు ఇద్దరి మీదా కప్పుకుని పక్కన కూర్చున్నాను. వణుకుతున్నానని ఆవిడకి తెలుస్తూనే ఉంది. ఆవిడ వణుకు నాకూ తెలుస్తోంది. అప్పుడు నెమ్మదిగా అన్నారు: "అన్ని రోజులు, అన్ని దాడులు, నేను వినడమే గానీ ఒక్కసారీ చూడలేదు. ఎప్పుడూ భూమిలోపలే. పైన ఏం జరుగుతోందో ఊహించుకోవడమే. ఇక్కడికొచ్చాక కూడా అంతే. ఆ కర్టెన్ తీస్తావా, లవ్?"

పెద్దమ్మ పోయిన దగ్గర్నుంచి నేను గాలిని కళ్ళారా చూసింది లేదు. గాలి లేస్తే ముందు కర్టెన్లు వేసేదాన్ని. లేచి వెళ్ళాను. తాడు పట్టుకుని ఒక్కసారిగా లాగేశాను.

అబ్బ, ఏం ఆకాశమండీ అది! నల్లగా, పచ్చగా, ఊదాగా, మొత్తం కదిలిపోతోంది. చెట్లన్నీ ఒకే పక్కకి వంగి, ఆకుల తెల్లటి అడుగులు చూపిస్తున్నాయి. నేను తిరిగొచ్చి ఆవిడ పక్కన చేరాను. ఎదురింటి వెనక పెరట్లోంచి పిల్లలు ఆడుకునే నీలం ప్లాస్టిక్ నీళ్ళతొట్టి ఒకటి లేచింది. కంచె మీద ఒక్క క్షణం ఆగింది, ఆలోచించుకుంటున్నట్టు. తర్వాత గిరగిరా తిరుగుతూ ఇళ్ళ కప్పులు దాటింది. "చూడు, చూడు!" అని ఆంటీ నా మణికట్టు పట్టుకున్నారు, అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో! అది మేపుల్ చెట్ల కొసలు దాటి, మబ్బులోకి, ఇంకా పైకి, ఇంకా పైకి పోతుంటే, మేమిద్దరం దుప్పటి కిందనుంచి మెడలు చాపి "పో, పో" అని అరుస్తున్నాం, ఆవిడ ఇంగ్లీషులో, నేను తెలుగులో.